కందకు లేని దురద

మన సంచిక సంపాదకులు నన్ను పట్టుకుని, "నువ్వు సైన్సు విద్యార్థివి గదా, ఏదైనా సైన్సు వ్యాసం రాసివ్వు" అన్నారు. 'విజ్ఞానశాస్త్రము - మానవ ప్రగతి' అని శీర్షిక పెట్టి ఒక పేజీ రాశాను కూడా. రాసింది చదువుకుంటే నాకే సిగ్గేసింది. సైన్సును అంత గొప్పగా పొగిడిన ఈ చెయ్యి పోయిన సంవత్సరం ఏం చేసిందో నాకు తెలుసు. అందుకని ఆ పేజీ చించేసి, మా ఇంట్లో జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

దీనికి మా నాయన అనుమతి తీసుకున్నాను. "రాసుకో, నా పేరు మాత్రం ఎయ్యాకు" అన్నాడు. "నా పేరు పడితే నీ పేరు పడినట్టే గదా నాయనా" అంటే కాసేపు ఆలోచించి, "పోనీలే, ఇంకొకడన్నా జాగ్రత్త పడతాడు" అన్నాడు.

మాది పత్తికొండకు ఆరేడు మైళ్ళ దూరంలో ఒక పల్లె. ఎనిమిదెకరాల మెట్ట. వానొస్తే శెనక్కాయ, బోరులో నీళ్ళు నిలిస్తే ఎకరమో అరెకరమో టమాట. టమాట సంగతి మా ప్రాంతపు వాళ్ళకు చెప్పనక్కరలేదు. ఒక వారం ఎగబడి కొంటారు. ఇంకో వారం కోత కూలి కూడా గిట్టక రోడ్డు పక్కన పారబోసి వస్తాము. ఇటువంటి సంసారంలో విత్తనం, ఎరువు, వడ్డీ అన్నీ అయిపోయాక మిగిలితే ఆసుపత్రి గుర్తుకు వస్తుంది. మిగిలేది తక్కువ గనుక గుర్తుకు వచ్చేదీ తక్కువే.

మా నాయనకు నాలుగేళ్ళుగా మొలల జబ్బు. నాకు ఎవరూ చెప్పలేదు. సెలవులకు ఇంటికి పోయినప్పుడు రచ్చకట్ట మీద అందరూ కూర్చుంటే ఆయన ఒక్కడే నిలబడి మాట్లాడేవాడు. బస్సులో సీటు దొరికినా కూర్చునేవాడు కాదు. ట్రాక్టరు ఎక్కమంటే "నువ్వెక్కు" అని నన్ను తోసేవాడు. ఒకసారి అమ్మ ఆయన పంచె ఉతుకుతూ నెత్తురు మరక చూపించి, "మీ నాయనకు చెప్పి చెప్పి నా నోరు పోయింది, నువ్వన్నా చెప్పు" అంది. నేను చెబితే ఆయన నవ్వి ఊరుకున్నాడు. "ఇది యాడన్నా చూపించుకునే జబ్బారా?" అన్నాడు.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు" అని మన సామెత. ఎవరి బాధ వాళ్ళకే పట్టనప్పుడు పక్కవాడికెందుకు ఆరాటమని దాని అర్థం. మా ఇంట్లో కంద మా నాయన. కత్తిపీట నేను. ఆయనకు లేని దురద నాకు పుట్టింది. సామెతలోని కంద నిజంగానే మా ఇంటికి వస్తుందని మాత్రం నేను ఊహించలేదు.

ఆ రోజు దసరా సెలవులకు ఊరికి బయలుదేరాను. కర్నూలులో బస్సెక్కే ముందు ఒక కూడలి దగ్గర గుంపు కనబడింది. ఒకాయన దుప్పటి పరచి వేర్లు, చెక్కలు, గడ్డలు పేర్చి పెట్టుకున్నాడు. చేతిలో మైకు. నల్లమల అడవి పేరు మాటకోసారి ఎత్తుతున్నాడు. "ఆపరేషను లేదు, కోత లేదు, ఇరవై ఒక్క రోజుల్లో మొలలు ఎండి రాలిపోతాయి. అడివి కంద పొడి, పరగడుపున ఒక చెంచా, రాత్రి ఒక చెంచా" అంటున్నాడు. నాకు మా నాయన నిలబడి మాట్లాడే తీరు గుర్తొచ్చింది.

అయినా నేను సైన్సు విద్యార్థిని గదా! ఊరికే నమ్మేస్తే ఎట్లా? పక్కకు పోయి సెల్‌ఫోను తీసి వెతికాను. కందను సంస్కృతంలో సూరణమంటారనీ, దానికి 'అర్శోఘ్న' అని ఇంకో పేరు ఉందనీ దొరికింది. అర్శస్సు అంటే మొలలు. అర్శోఘ్న అంటే మొలలను పోగొట్టేది. పేరులోనే మందు ఉంది! ఇంకేం కావాలి? మూడువందల రూపాయలిచ్చి పొట్లం కొన్నాను. పాత న్యూసుపేపరులో చుట్టి దారం కట్టిచ్చాడు. ఫోనులో ఆ పేజీ కింద ఇంకా చాలా ఉంది. బస్సు కదులుతోందని చదవలేదు.

ఆ రాత్రి అన్నాలయ్యాక పొట్లం విప్పాను. నాయన లాంతరు పురుగును చూసినట్టు దాన్ని చూశాడు.

"ఏందిరా ఇది?"

"కంద పొడి నాయనా, అడివిది. నీ జబ్బుకే."

"దీన్ని గురించి సదివినావా?"

"సదివినా నాయనా."

"అట్లయితే ఇయ్యి."

ఇంతే మా ఇద్దరి మధ్య జరిగిన మాట. ఎరువుల అంగడివాడు చెప్పినా, ఇంటికొచ్చిన చుట్టాలు చెప్పినా నమ్మని మనిషి నా ఒక్క మాట మీద చెయ్యి చాపాడు. మా అవ్వ మంచం మీద నుంచే, "గడ్డంటున్నావు, ఉడకబెట్టినారా, కాల్చినారా?" అని అడిగింది. "పొడి చేసినారులే అవ్వా" అన్నాను. అవ్వ అడిగింది ఒకటి, నేను చెప్పింది ఇంకొకటి. ఆ సంగతి అప్పుడు నాకు తట్టలేదు.

పెద్ద చెంచాడు పొడి నోట్లో వేసుకుని రెండు గుక్కల నీళ్ళు తాగాడు. రెండు నిమిషాలు కూడా గడవలేదు. "గొంతులో ముల్లు గుచ్చుకున్నట్టుందిరా" అన్నాడు. ఇంకాసేపటికి "ఒకటి గాదు, గుప్పెడు ముండ్లు" అన్నాడు. పెదవులు బొద్దుగా లేచాయి. నాలుక తిరగలేదు. ఉమ్ము మింగలేక ధారగా బయటికే వదులుతున్నాడు. గొంతు పట్టుకుని ఏదో చెప్పబోయాడు. మాట రాలేదు, గాలి మాత్రం వచ్చింది. అవ్వ లేచి పుక్కిలించమని పలచని మజ్జిగ తెచ్చింది. అమ్మ ఏడుపు అందుకుంది. మా చిన్నాయన మోటారుసైకిలు తీశాడు. నాయనను మధ్యలో కూర్చోబెట్టి వెనక నేను పట్టుకుని కూర్చున్నాను. పత్తికొండ ఆసుపత్రి చేరేదాకా నా చెయ్యి ఆయన ఛాతీ మీదే ఉంది. ఊపిరి ఆడుతోందా లేదా అని ఆ చేత్తోనే చూసుకుంటూ పోయాను. పొట్లం నా చొక్కా జేబులో ఉంది.

ఇక నేను చేసిన రెండో తప్పు చెప్పాలి. మొదటి దానికన్నా ఇదే పెద్దది.

డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ, "ఏం తిన్నాడు? ఎంతసేపైంది?" అని నన్నే అడిగింది. పక్కన చిన్నాయన ఉన్నాడు. నర్సులు ఉన్నారు. పక్క మంచం వాళ్ళు తలలెత్తి చూస్తున్నారు. "నువ్వేం చదువుతున్నావు?" అని కూడా అడిగింది. "బీయస్సీ" అన్నాను. ఆ మాట అన్నాక జేబులోని పొట్లం బయటికి తీయడానికి నాకు చెయ్యి రాలేదు. "ఏమో మేడమ్, రాత్రి అన్నం తిన్నాక ఇట్లా అయింది" అన్నాను.

రాత్రిపూట రైతు. నోట్లోంచి ఉమ్ము కారుతోంది. మాట లేదు. మా కరువు సీమలో ఇవి చూస్తే ఏ డాక్టరుకైనా ముందు తోచేది ఒకటే. ఆవిడ టార్చి వేసి కంటిపాపలు చూసింది, నోటి దగ్గర వాసన చూసింది, మా చిన్నాయన వైపు తిరిగి మెల్లగా, "అప్పులేమైనా ఉన్నాయా? ఇంట్లో గొడవేమన్నా జరిగిందా?" అని అడిగింది. చిన్నాయన ముఖం తెల్లబోయింది. కడుపు కడగడానికి ట్యూబు సిద్ధం చేయమని నర్సుకు చెప్పింది. మా నాయన మంచం మీద నుంచి చెయ్యి అడ్డంగా ఊపుతున్నాడు. నేను పురుగుల మందు తాగలేదు అని చెప్పాలనుకుంటున్నాడు. మాట రావడం లేదు. నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. "నువ్వన్నా చెప్పు" అన్నట్టుంది, అంతే.

పొట్లం తీసి డాక్టరమ్మ చేతిలో పెట్టాను.

ఆవిడ కొద్దిగా వేళ్ళ మధ్య నలిపి చూసి, "కందా? పచ్చిదా?" అంది. ట్యూబు పక్కన పెట్టించింది. నోరంతా పదే పదే కడిగించి, చల్లని పాలు గుక్కగుక్కగా తాగించింది. సూది వేసింది. పడుకోబెట్టకుండా కూర్చోబెట్టింది. వాపు ఊపిరి గొట్టం దాకా పోతుందేమోనని అరగంటకోసారి వచ్చి చూసింది. అవసరమైతే కర్నూలు పంపడానికి 108 వాళ్ళకు కూడా చెప్పి ఉంచింది. అంత హడావిడిలో నన్ను ఒక్క మాట అనలేదు. తెల్లవారుజామున వాపు తగ్గుముఖం పట్టాక మాత్రం అంది: "పొడి ఇచ్చినందుకు నిన్ను అనను. ఆశ కొద్దీ ఇచ్చినావు. అడిగినప్పుడు చెప్పలేదే, దానికి అంటాను. ట్యూబు వేసి ఉంటే ఆ గొంతు ఇంకా గీరుకుపోయేది."

మూడు రోజులకు మా నాయన గొంతు మామూలుగా అయింది. మాట వచ్చాక మొదట అన్నది, "శెనక్కాయ పీకను కూలోళ్ళు వచ్చినారా?" అని.

సెలవులయ్యాక మిగిలిన పొడిని కళాశాలకు తెచ్చాను. ముందు హాస్టలు గదిలో ఒక చిటికెడు నా నాలుక కొస మీద పెట్టుకున్నాను. ఇది సైన్సు ప్రయోగం కాదు, ఎవరూ చేయకండి. ఆ రాత్రి ఆయన ఏం అనుభవించాడో తెలుసుకోకపోతే నాకు నిద్ర పట్టేటట్టు లేదు. వెంటనే ఉమ్మేసి కడుక్కున్నా సాయంత్రం దాకా నాలుక మీద ముండ్లు ఆడాయి. అది చిటికెడు. ఆయన మింగింది చెంచాడు.

తరువాత మా బాటనీ సారు దగ్గరికి పోయి జరిగిందంతా చెప్పాను. ఆయన ల్యాబు తెరిచి, "చూడు, నీ కళ్ళతో నువ్వే చూడు" అన్నారు. పొడిని నీటిబొట్టులో కలిపి స్లైడు మీద పెట్టి మైక్రోస్కోపులో చూశాను. పిండి రేణువుల మధ్య సూదులు! కొన్ని విడివిడిగా, కొన్ని దబ్బనాల కట్టలాగా ఒకచోట. రెండు కొసలూ వాడి. మొదటి సంవత్సరంలో చేమ కాడను కోసి ఇవే సూదులు చూసి, 'రాఫైడ్లు' అని రికార్డులో బొమ్మ గీసి పదికి తొమ్మిది మార్కులు తెచ్చుకున్నాను నేను. ఆ బొమ్మకూ మా నాయన గొంతుకూ సంబంధం ఉందని అప్పుడు తోచలేదు. రికార్డు రికార్డే, ఇల్లు ఇల్లే!

సారు ఇంకో పరీక్ష చేయించారు. ఒక స్లైడు మీద అసిటిక్ ఆమ్లం వేయించారు. సూదులు కదలలేదు. ఇంకోదాని మీద హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేయించారు. సూదులు బుడగలు రాకుండానే కరిగిపోయాయి. కాల్షియం కార్బొనేటు అయితే బుడగలు పొంగేవి. ఇది కాల్షియం ఆక్సలేటు. మొక్క తన గడ్డను పురుగూ పందీ తినకుండా ఈ సూదులతో కాపాడుకుంటుంది. కొరికినప్పుడు కణం పగిలి సూదులు బయటికి వచ్చి నాలుకలో, గొంతులో దిగబడతాయి. మాంసకృత్తులను కొరికే ఎంజైము కూడా తోడై మంట పెంచుతుందని సారు చెప్పారు. మన కళ్ళ ముందు కుండీల్లో అందానికి పెంచే మచ్చల ఆకుల డైఫెన్‌బేకియాలో ఉన్నదీ ఇదే. దాన్ని నమిలినవాడికి మాట పడిపోతుందని ఇంగ్లీషువాళ్ళు 'డంబ్ కేన్' అని పేరు పెట్టారు. మా నాయనకు మాట పడిపోయింది కూడా అందుకే.

మరి అదే కంద కూర లోకమంతా తింటోంది గదా? కోస్తా వాళ్ళు కంద-బచ్చలి కూరను పెళ్ళి విందుల్లో వడ్డిస్తారు. మా మెట్టనేలలో కంద పండదు గానీ చేమగడ్డ పులుసు మాకూ ఉంది. ఈ ప్రశ్న మా అవ్వను అడిగాను. ఆమె నన్ను వెర్రివాణ్ణి చూసినట్టు చూసింది. "చేమగడ్డనైనా చింతపులుసు లేకుండా పొయ్యి మీద పెడతామా? బాగా ఉడికిందా లేదా అని ముందు మేం నాలిక్కి తగిలించుకుని చూస్తాం. దురద పోయినాకే మీకు పెడతాం. ఆ పొద్దు నేను అడిగింది ఇదే గదరా!" అంది.

మా సారు చెప్పిందాన్ని బట్టి, వేడికి ఆ ఎంజైము చచ్చిపోతుంది. ఎక్కువ నీళ్ళలో ఉడికించి ఆ నీళ్ళు వంపేస్తే కరిగే ఆక్సలేటు కొంత పోతుంది. పులుపుతో దురద తగ్గుతుందని తెలుగు వంటిల్లంతా ఎరిగిన సంగతే. ఆ తరువాత తీరిగ్గా కూర్చుని ఆయుర్వేదంలో ఏమందో చదివాను. మొలలకు కందను వాడమన్న మాట నిజమే. కానీ పచ్చిగా పొడి కొట్టి మింగమనలేదు. మట్టి పూసి నిప్పుల్లో కాల్చి ఇచ్చే పుటపాకం చెప్పారు. నాభినీ నల్లజీడినీ కూడా శుద్ధి చేయకుండా వాడకూడదని ఆ శాస్త్రమే కట్టడి చేసింది. అంటే కూడలిలో అమ్మినవాడు వైద్యం సగం అమ్మాడు. ఫోనులో నేను సగం చదివాను. ఆ రెండు సగాలూ కలిసినా ఒక మందు కాలేదు. మా అవ్వ ప్రశ్నకు జవాబు చెప్పి ఉంటే ఆ మిగిలిన సగం ఇంట్లోనే దొరికేది.

మా ప్రాంతంలోనే ఒక గొప్ప సాక్ష్యం ఉంది. పత్తికొండ నుంచి గుత్తి పోయే దారిలో ఎర్రగుడి దగ్గర అశోకుని శిలాశాసనాలు ఉన్నాయి. క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దం నాటివి. అక్కడి పధ్నాలుగు పెద్ద శాసనాల్లో రెండోది వైద్యం గురించే. మనుషులకూ పశువులకూ చికిత్స ఏర్పాటు చేశామనీ, పనికివచ్చే మూలికలు లేనిచోట్లకు తెప్పించి నాటించామనీ, దారుల వెంట బావులు తవ్వించామనీ అందులో ఉంది. చిన్నప్పుడు బడివాళ్ళు తీసుకుపోతే ఆ గుండ్లెక్కి ఆడుకున్నాను. ఈ సంగతి జరిగాక మళ్ళీ ఒకసారి పోయి చూశాను. మూలిక నాటించడం రాజు చేయగలిగిన పని. దాన్ని ఎట్లా కాల్చాలో, ఎంత ఇవ్వాలో, ఎవరికి ఇవ్వకూడదో తెలిసిన మనిషి పక్కన లేకపోతే ఆ తోట ఒట్టి తోటే.

ఇది చదివి కొందరు మిత్రులు "చూశావా, నాటుమందులన్నీ ఇంతే" అంటారేమో. నేను చెబుతున్నది అది కాదు. మందు మనదా, ఇంగ్లీషుదా అన్న తగాదా నాకు పట్టలేదు. 1827 జూలై 6న మా పత్తికొండలోనే మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో కలరాతో చనిపోయాడు. దత్తమండలాలను చివరిసారి చూసి పోదామని వచ్చినవాడు. రాజ్యమేలే దొరకు కూడా ఆనాడు ఆ జబ్బుకు మందు దొరకలేదు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా చెలరేగినప్పుడు సెలైను సీసాలు అయిపోతే డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీళ్ళు తాగించి వేలమందిని బతికించాడు. నూటికి ముప్పై దాకా ఉన్న చావులు నాలుగు లోపుకు దిగాయి. ఉప్పు, చక్కెర మన్రో కాలంలోనూ ఉన్నాయి. లేనిది పాళ్ళు. ఈనాటి ఓఆర్‌ఎస్‌లో లీటరు నీటికి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5 గ్రాములు. దానితో పాటు ఇంకో రెండు లవణాలు. ఉప్పు ఎక్కువైతే ఆ నీళ్ళే బిడ్డకు ముప్పు. వస్తువు మందు కాదు, దాని పాళ్ళూ పాకమూ తెలిస్తేనే మందు.

కరోనా నాళ్ళలో మన ఇళ్ళలో తిప్పతీగ కషాయం కాచని గడప తక్కువ. 2021లో ముంబయి వైద్యులు తిప్పతీగ వాడిన ఆరుగురికి కాలేయం దెబ్బతిన్నదని ఒక వైద్య పత్రికలో రాశారు. వాళ్ళు తాగింది అసలు తిప్పతీగేనా, దాన్ని పోలిన ఇంకో తీగా అన్నది ముందు తేల్చాలని ఆయుష్ మంత్రిత్వశాఖ జవాబిచ్చింది. రెండు పక్షాల మాట విన్నా మనలాంటి వాళ్ళకు మిగిలే ప్రశ్నలు ఒకటే. అది ఏ తీగ? ఎంత తాగారు? ఎన్నాళ్ళు? ఎవరు చెబితే తాగారు? నేను కొన్న పొట్లాన్ని ఇవే అడిగితే ఒక్కదానికీ జవాబు లేదు. చట్టం ప్రకారం ఆయుర్వేద మందు డబ్బా మీద కూడా తయారుచేసిన వాళ్ళ పేరు, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, అందులో కలిసిన వస్తువులు ఉండాలి. నా పొట్లం మీద ఉన్నది పాత పేపరులోని సినిమా ప్రకటన.

మా నాయనను ఆ నెలలోనే కర్నూలుకు పిలుచుకొచ్చి సర్జనుకు చూపించాను. ఈసారి "సదివినావా?" అని అడగలేదు. "నువ్వు గూడ లోపలికి రా" అన్నాడు, అంతే. డాక్టరు చూసి, మొదటి దశలోనే ఉంది, ఇప్పుడే కోత అవసరం లేదన్నాడు. నీళ్ళు బాగా తాగాలి, పీచు ఉన్న తిండి తినాలి, ముక్కకూడదు, పూతమందు రాయాలి. మలంలో నెత్తురు పడితే అన్నీ మొలలే అనుకోకూడదనీ, పేగు జబ్బుల్లో కూడా నెత్తురు పడుతుందనీ, చూపించుకోకుండా మందు మింగడం అన్నిటికన్నా అపాయమనీ చెప్పాడు. నాలుగేళ్ళ సిగ్గుకు పదిహేను నిమిషాల పరీక్ష సరిపోయింది. ఇంట్లో మళ్ళీ జొన్నరొట్టె, కొర్రన్నం, ఆకుకూర మొదలయ్యాయి. చేనికి పోయేటప్పుడు అమ్మ రెండు సీసాల నీళ్ళు చేతికిచ్చి, సాయంత్రం ఖాళీ సీసాలు లెక్క చూసుకుంటుంది.

మిత్రులారా! మనం ఇంటికి పోతే మన ఊళ్ళో మన మాటకు కొత్తగా ఒక విలువ వచ్చి ఉంటుంది. ఎరువు మూట మీద అక్షరాలు మనతో చదివిస్తారు. మందుచీటి మన చేతిలో పెడతారు. "సదివినావా?" అని అడుగుతారు. సగం చదివి "చదివినా" అనకండి. తెలియకపోతే తెలియదనండి. డాక్టరు అడిగినప్పుడు నాటుమందైనా, పసరైనా, పొడైనా దాచకండి. పొట్లంతో సహా పట్టుకుపోండి. నేను ఆ రాత్రి కాపాడుకోవాలనుకున్నది నా బీయస్సీ పరువు. దానికోసం మా నాయన ఊపిరిని పందెం కట్టాను. ఆయన ఈ మాట ఇంతవరకు అనలేదు. నేనే అనుకుంటున్నాను.

పోయిన సంక్రాంతికి అవ్వ చేమగడ్డ పులుసు చేసింది. చింతపండు బాగా పట్టించి, ముందు తన నాలుకకు తగిలించుకుని చూసి, తరువాత మాకు వడ్డించింది. మా నాయన రచ్చకట్ట మీద నుంచి లేచి వచ్చాడు. కొంతకాలంగా అక్కడ అందరితో పాటు కూర్చుంటున్నాడు. కంచం ముందు కూర్చుని, ముద్ద కలిపి, నా వైపు చూశాడు.

"ఏమప్పా సైన్సాయనా, తినొచ్చునా?"

"నాకు తెలీదు నాయనా, అవ్వనడుగు" అన్నాను.

అవ్వ గరిటె చూపించింది. అందరం నవ్వుకుంటూ తిన్నాము.